సగం గోడ దగ్గర ఆగిన చేతులు

వరికుంటపాడు మండలంలోని ఒక పల్లెలో సగంలో ఆగిపోయిన మందిరం ఒకటుంది. గోడలు లింటెల్ వరకు లేచాయి. ఆపైన ఆకాశమే. స్తంభాల్లోంచి పైకి వచ్చిన ఇనుప కడ్డీలు తుప్పు పట్టాయి. వాన పడినప్పుడల్లా గోడ మీదికి ఎర్రటి చారలు దిగుతాయి. 2019లో పునాది వేసిన రోజున ఊరంతా వచ్చిందట. పిల్లలు కూడా తలా ఒక ఇటుక మోశారట. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పని ఆగింది. లాక్‌డౌన్ పోయింది, కరోనా పోయింది, ఆగిన పని మాత్రం మళ్లీ మొదలు కాలేదు. ఆరాధన పక్కనే ఉన్న రేకుల షెడ్డులో జరుగుతోంది.

నన్ను వాక్య పరిచర్యకు పిలిచారని వెళ్లాను. షెడ్డులో 13 మంది ఉన్నారు. వారిలో 9 మంది ముసలివాళ్లు. ఆరాధన అయ్యాక ఆ సంఘ సేవకుడు నన్ను వేపచెట్టు కిందికి తీసుకెళ్లి, చాలాసేపు ఏవేవో మాట్లాడి, చివరికి అసలు మాట చెప్పాడు. కొడుకు బెంగళూరులో ఉన్నాడు. ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని చూశానని, ఉండటానికి గది కూడా ఇస్తారని, అమ్మను తీసుకుని వచ్చేయమని అడుగుతున్నాడు. ఇక్కడ భార్య ఉపాధి హామీ పనికి వెళ్తేనే ఇల్లు గడుస్తోంది. 'ఇరవై రెండేళ్లయింది అయ్యా నేనీ ఊరికొచ్చి. ఇప్పుడు మోకరిస్తే ప్రార్థన రావడం లేదు. ప్రసంగం చెప్తుంటే నా మాట నాకే చప్పగా ఉంటుండాది. నేను పోతే తప్పా?' అన్నాడు.

ఆయనకు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు కూడా. అయితే ఆ ప్రశ్న ఆయన ఒక్కడిది కాదు. మన తెలుగు సంఘాల్లో ఎందరో సేవకులు, సండే స్కూల్ టీచర్లు, స్త్రీల సమాజంలో ఏళ్ల తరబడి పనిచేసిన తల్లులు లోలోపల అడుగుతున్న ప్రశ్నే అది. మునుపటి ఆసక్తి ఏమైంది? అది మళ్లీ వస్తుందా?

నెహెమ్యా కట్టిన యెరూషలేము గోడ గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. 52 దినాల్లో గోడ పూర్తయిందని గర్వంగా చెప్పుకుంటాం (నెహెమ్యా 6:15). కానీ ఆ 52 దినాల మధ్యలో ఏం జరిగిందో నాలుగో అధ్యాయం చెబుతుంది. జనులకు పని చేయడానికి మనసు ఉంది కనుక గోడ సగం ఎత్తుకు లేచింది (4:6). ఆ తర్వాత నాలుగు వచనాలకే యూదావారు చేతులెత్తేశారు. బరువులు మోసేవారి సత్తువ తగ్గిపోయింది, చెత్త చూస్తే కుప్పలుగా ఉంది, ఈ గోడ మావల్ల కాదన్నారు (4:10). సన్బల్లటు ఎగతాళి మొదటి నుంచీ ఉంది. చెత్తా మొదటి రోజు నుంచీ ఉంది. కొత్తగా వచ్చిందల్లా అలసట. పని మొదలుపెట్టినప్పుడు కొత్త ఉత్సాహం నడిపిస్తుంది, ముగింపు దగ్గరపడితే పూర్తి చేయబోతున్నామన్న ఆశ నడిపిస్తుంది. సగం గోడ దగ్గర ఆ రెండూ ఉండవు.

సంఘంలో ఉత్సాహం తగ్గిందనగానే మనవాళ్లు వెతికే మొదటి కారణం పాపం. ఎవరి ఇంట్లో ఆకాను దాగి ఉన్నాడో తేల్చాలంటారు. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. అన్నిచోట్లా కాదు. ఏలీయా కర్మెలు కొండ మీద గెలిచిన కొద్ది రోజులకే బదరీ వృక్షం కింద పడుకుని చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దేవుడు అతణ్ణి గద్దించలేదు, పాపం ఒప్పుకొమ్మనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు. తిన్నాక మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాడు. ప్రయాణం సంగతి ఆ రెండోసారే ఎత్తాడు. మన సంఘాల్లో సేవకుడికి నెలలో ఒక్కరోజు విశ్రాంతి ఇవ్వాలని, ఆయన ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో చూడాలని ఎందరు పెద్దలకు తోస్తుంది? ఆయన ప్రసంగంలో అగ్ని లేదని మాత్రం అందరికీ తెలుస్తుంది.

మెట్ట ప్రాంతపు కష్టం ఇంకొకటి. ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు వైపు వాన పడితేనే పంట. తాగే నీళ్లలో ఫ్లోరైడ్. చదువుకున్న పిల్లవాడు ఊళ్లో ఉండడు, చదువుకోనివాడూ ఉండడు. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, గల్ఫ్. గాయక బృందంలో డోలక్ వాయించినవాడు ఇప్పుడు ఏదో నగరంలో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. సండే స్కూల్ నడిపిన అమ్మాయి కువైట్‌లో ఎవరి పిల్లలనో సాకుతూ ఉంటుంది. ఇలాంటి ఊళ్లో సంఘం చిన్నదైందంటే విశ్వాసం చల్లారిందని తీర్పు చెప్పడం అన్యాయం. ఆ విశ్వాసం రైలెక్కి పోయింది, అంతే. పోయిన చోట ఏదో ఒక మందిరంలో వెనక బెంచీలో కూర్చునే ఉంటుంది.

ఇక మన మందు. ఉత్సాహం తగ్గిన సంఘానికి మనం రాసే మందు ఒక్కటే, మహాసభలు. మూడు రాత్రులు, పెద్ద పందిరి, ఊరి మొదట్లో ఫ్లెక్సీలు, బయటినుంచి పేరున్న ప్రసంగీకుడు, ఆయనకు కారు, చివరి రోజు భోజనాలు. నేనూ అలాంటి వేదికల మీద ఎక్కినవాణ్ణే కనుక తప్పు పట్టే అర్హత నాకు తక్కువ. అయినా చెప్పాలి. నాలుగో రోజు ఉదయం పందిరి విప్పుతారు. ప్రసంగీకుడు మరో ఊరికి వెళ్తాడు. సౌండు సిస్టం అప్పు మిగులుతుంది. ఆ అప్పు తీర్చడానికి సేవకుడు ఆరు నెలలు తలదించుకుని తిరగాలి. మూడు రాత్రులు కన్నీళ్లతో చేతులెత్తినవారు ఆ తర్వాతి బుధవారం కూడికకు కనబడరు. వారు వేషధారులని నేననను. వారికి కలిగిన భావం నిజమే. కానీ మర్నాడు ఉదయం చేయడానికి వారి చేతికి ఎవరూ ఏ పనీ ఇవ్వలేదు.

ఎఫెసు సంఘానికి ప్రభువు పంపిన మాట ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. మొదటి ప్రేమను విడిచిపెట్టావన్నాడు (ప్రకటన 2:4). అయితే మందుగా ఏం చెప్పాడు? మొదటి ప్రేమను మళ్లీ తెచ్చుకో అనలేదు. ఏ స్థితిలోనుంచి పడ్డావో గుర్తు చేసుకుని మారుమనసు పొంది, మొదట చేసిన క్రియలు చేయమన్నాడు (2:5). పోయింది ప్రేమ, చేయవలసింది క్రియ. మనం తలకిందులుగా ఎదురుచూస్తున్నాం. మనసు కలిగితే చేస్తాం అంటున్నాం. నా అనుభవంలో చేతులు ముందు కదులుతాయి, మనసు ఆలస్యంగా వెనక నడిచి వస్తుంది.

ఇందుకు సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. నెల్లూరు జిల్లా క్రైస్తవ చరిత్రే చాలు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. ఆరేళ్ల తర్వాత ఆరోగ్యం చెడి స్వదేశానికి పోయాడు. 1849లో తిరిగి వచ్చినప్పుడు ఆయన వెంట లైమన్ జూవెట్ వచ్చాడు. ఏళ్లు గడిచాయి. డబ్బు ఖర్చయింది. ఆరోగ్యాలు పోయాయి. బాప్తిస్మం పొందినవారు మాత్రం పిడికెడు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో మిషన్ వార్షిక సభలు జరిగినప్పుడు, ఇంత తక్కువ ఫలం ఉన్న తెలుగు మిషన్‌ను మూసేద్దామా అన్నది చర్చ. పటం మీద ఆ మిషన్‌కు నెల్లూరు ఒక్కటే విడిగా ఉన్న చుక్క. దాన్నే 'ఒంటరి నక్షత్రం' అన్నారు. శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ పేరు మీద రాత్రికి రాత్రే పద్యం రాశాడు. అది సభలో చదివినప్పుడు జనం మనసులు కరిగాయి. మిషన్ మూతపడలేదు.

చాలామంది ప్రసంగీకులు ఆ పద్యం దగ్గర ఆగిపోతారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఆల్బనీలో కాదు, ఒంగోలులో జరిగింది. 1854 జనవరి 1, తెల్లవారుజాము. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. సువార్త ప్రయాణంలో ఉన్న జూవెట్, ఆయన భార్య, వారితో ఉన్న ముగ్గురు తెలుగు విశ్వాసులు ఊరి పక్కనున్న కొండ ఎక్కారు. మొత్తం ఐదుగురు. ఆ ముగ్గురిలో జూలియా అనే నెల్లూరు స్త్రీ ఉంది. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని వారు ప్రార్థించారు. సూర్యోదయం అయ్యాక కొండ దిగి, తమ పనికి తాము పోయారు. ఆ కొండను ఈనాటికీ ప్రార్థనా కొండ అనే అంటారు.

ఆ మిషనరీ ఎప్పుడు వచ్చాడు? మరుసటి నెల కాదు, మరుసటి ఏడు కాదు. 11 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో 1862లో జూవెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్తే, మిషన్‌ను మూసేయాలన్న మాట మళ్లీ లేచింది. మీరు పంపకపోయినా నేనొక్కడినే తిరిగి పోతాను, తెలుగువారి మధ్యే బతుకుతాను, అక్కడే చస్తాను అన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడాడు. మూసేయాలన్నవారు వెనక్కి తగ్గారు. 1865లో ఆయన తిరిగి వస్తూ జాన్ క్లౌ అనే యువకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఈయన అంతకుముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడింది. సభ్యులు 8 మంది.

ఆ 11 ఏళ్లలో జూవెట్‌కు రోజూ ఉత్సాహం ఉండేదా? ఉండేదని నేను నమ్మను. ఎండలో ఊళ్లు తిరగడం, సంతల్లో నిలబడి మాట్లాడటం, వినేవారు నవ్వుకుంటూ పోవడం, మర్నాడు మళ్లీ అదే. పెద్ద గాలివాన రాకముందు అంతా ఇలాంటి పొడి రోజులే.

ఇంకో సంగతి మనం సాధారణంగా వదిలేస్తాం. ఒంగోలు ఉద్యమాన్ని పల్లెల్లోకి తీసుకెళ్లింది దొరలు కాదు. ఒంగోలుకు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. దేవుణ్ణి వెతుకుతూ ఎన్నో ఏళ్లు తిరిగినవాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. ఆ తర్వాత పేరయ్య తన తోళ్ల వ్యాపారానికి తిరిగే దారుల్లోనే, తన బంధువుల ఇళ్లలోనే మాట చెప్పాడు. కొత్త దారి వేసుకోలేదు, రోజూ నడిచే దారినే వాడుకున్నాడు. ఉత్సాహం లేదు, అవకాశం లేదు అనేవారు పేరయ్య నడిచిన ఆ దారుల గురించి కాస్త ఆలోచించాలి.

1876 నుంచి 1878 వరకు కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది ఆకలిగొన్నవారికి పని ఇచ్చాడు. ఆయన పాత సర్వే పని అక్కడ అక్కరకు వచ్చింది. కూలికి వచ్చినవారికి బోధకులు వాక్యం చెప్పారు. ఎందరో బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమోనన్న అనుమానంతో ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. పనులు ముగిసి, కూలి ఆగిపోయిన తర్వాత కూడా జనం వస్తూనే ఉన్నప్పుడు 1878లో ద్వారం తెరిచాడు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

2,222 అనే అంకె మన వేదికల మీద తరచూ వినబడుతుంది. దానికి ముందున్న ఏడాదికి పైగా సున్నా మాత్రం ఎవరూ చెప్పరు. కళ్లముందు గుంపు నిలబడి ఉంటే, లెక్క రాసి అమెరికాకు పంపుకునే అవకాశం ఉంటే, వద్దు అని చెప్పిన ఆ నిగ్రహం నాకు 2,222 కంటే గొప్పగా కనబడుతుంది. ఊపు పోయిందని బాధపడే మనం, ఊపు అంటే ఏమిటనుకుంటున్నామో ఒకసారి అడుక్కోవాలి. జనమా? చప్పుడా? కానుకల పెట్టె బరువా?

ఆ తర్వాతి కథ మెట్ట ప్రాంతానిది కూడా. 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో అదే మిషన్ కేంద్రాలు తెరుచుకున్నాయి. ఈ పల్లెల్లోని పాత సంఘాల వేళ్లలో చాలా అక్కడివే. 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత కానుకలతో జాన్ రంగయ్య అనే సేవకుణ్ణి దక్షిణాఫ్రికాలోని నటాలుకు, చెరకు తోటల్లో పనిచేసే తెలుగు కూలీల దగ్గరకు పంపారు. 1853లో మూసేయాలనుకున్న మిషన్, సరిగ్గా 50 ఏళ్లకు సముద్రం అవతలికి తన మనిషిని పంపింది. రంగయ్య వెళ్లింది ఎవరి దగ్గరకు? ఊళ్లు విడిచి బతుకుతెరువుకు పోయినవారి దగ్గరకు. వలసపోయినవారిని సంఘం లెక్కలోంచి కొట్టేయకూడదని మన పెద్దలకు ఆనాడే తెలుసు.

మళ్లీ వరికుంటపాడు దగ్గరకు వస్తాను. ఆ రోజు మధ్యాహ్నం సంఘస్థురాలు ఒకామె ఇంట్లో భోజనం పెట్టారు. డెబ్బై ఏళ్లు దాటిన తల్లి. షెడ్డు తాళం ఆమె దగ్గరే ఉంటుంది. చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద ఇనుప కడ్డీతో కొట్టి ఆదివారం ఉదయం గంట మోగించేదీ ఆమే. వచ్చేవారు తగ్గిపోయారు కదమ్మా, ఎవరి కోసం కొడుతున్నావని కొంచెం హాస్యంగా అడిగాను. ఆమె నవ్వలేదు. 'కొట్టకపోతే ఆదివారమని ఎట్టా తెలుస్తది అయ్యా? గుడికి రానోళ్లకు గూడా తెలియాల గదా' అంది. నేను పళ్లెంలోకి చూసుకుంటూ తిన్నాను.

బయల్దేరే ముందు సేవకుడితో నేను చెప్పింది రెండే మాటలు. ఒకటి, పోవాలా ఉండాలా అన్నది ఇప్పుడు తేల్చకు, అలసిపోయి ఉన్నప్పుడు పెద్ద నిర్ణయాలు వద్దు, క్రిస్మస్ దాటనివ్వు. రెండోది, ఇరవై రెండేళ్ల క్రితం ఈ ఊరికి వచ్చిన మొదటి నెలలో ఏం చేసేవాడివి అని అడిగాను. ఆయన ఆలోచించి, 'రోజూ సాయంత్రం ఒక ఇంటికి పొయ్యేవాణ్ణి. ఊరికే కూర్చుని మాట్లాడి, చిన్న ప్రార్థన చేసి వచ్చేవాణ్ణి' అన్నాడు. అది ఎప్పుడు ఆగిపోయింది? మందిరం కట్టడం మొదలైనప్పటి నుంచి. చందాల కోసం తిరగడంలో ఇళ్లకు వెళ్లడం ఆగిపోయింది. చందా అడిగే మనిషిగా మారాక, ఊరికే కూర్చోవడానికి వెళ్లాలంటే మొహమాటం వేసిందట.

నెహెమ్యా మూడో అధ్యాయం పేర్ల జాబితా అని మనం దాటేస్తాం. అందులో గోడ ఎలా కట్టారో ఉంది. ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్ని వారు బాగు చేసుకున్నారు. కంసాలులు ఉన్నారు, పరిమళ ద్రవ్యాలు చేసేవారు ఉన్నారు. షల్లూము అనే అధిపతి కుమార్తెలు కూడా పనిచేశారు (3:12). తెకోవ ఊరి పెద్దమనుషులు మాత్రం పనికి మెడ వంచలేదు (3:5). అలాంటి పెద్దలు ప్రతి సంఘంలోనూ ఉంటారు, దిగులుపడనక్కరలేదు. ఎందుకంటే అదే తెకోవ సామాన్యులు తమ వంతు అయ్యాక ఇంకో భాగం కూడా కట్టారు (3:27). నాకు బాగా నచ్చేవాడు మెషుల్లాము. అతను తన గదికి ఎదురుగా బాగు చేశాడని రాసి ఉంది (3:30). ఇల్లు ఉన్నట్టు లేదు, ఒక్క గది. ఆ గదికి ఎదురుగా ఉన్నంత మేరకే గోడ. దాన్ని కూడా దేవుని గ్రంథం రాసిపెట్టింది.

క్రిస్మస్ దాటింది. సంక్రాంతి వారంలో నాకు ఆ సేవకుడు ఫోన్ చేశాడు. రోజూ సాయంత్రం ఒక ఇంటికి వెళ్తున్నానన్నాడు. మొదట్లో కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడట. రెండు మూడు వారాలు ఏమీ అనిపించలేదట. పాత హాజరు పుస్తకం తీసి చూస్తే ఊరు విడిచి వెళ్లినవారు 41 మంది తేలారు. శనివారం రాత్రి నలుగురైదుగురికి ఫోన్ చేసి, చందా ఊసెత్తకుండా, ఎలా ఉన్నారని అడిగి ఫోన్‌లోనే ప్రార్థన చేస్తున్నాడు. కువైట్‌లో ఉన్న అమ్మాయి ఫోన్ పట్టుకుని ఏడ్చిందని చెప్పాడు. షెడ్డుకు వచ్చేవారు ఎందరయ్యారని అడిగాను. 'పదహారు' అన్నాడు. 13 నుంచి 16. మహాసభల నివేదికలో రాసుకోవడానికి పనికొచ్చే అంకె కాదు.

పండక్కి బెంగళూరు నుంచి వచ్చిన కుర్రవాడొకడు, అక్కడ రాడ్ బెండింగ్ మేస్త్రి, ఆరాధన అయ్యాక సగం గోడ ఎక్కి కడ్డీలు చూశాడట. గోరుతో తుప్పు గీకి, వంచి చూసి, 'లోపల బాగానే ఉండాయి అయ్యగారా, పైపైనే పట్టింది, బ్రష్ కొడితే పనికొస్తాయి' అని, ఊళ్లో ఎవరి దగ్గరైనా వైరు బ్రష్ ఉందా అని అడిగాడట. ఉదయగిరి నుంచి తెప్పించారు. స్లాబు ఇంకా పడలేదు. కొడుక్కి ఏం చెప్పావని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఫోన్ పెట్టేముందు, బుధవారం ఏ ఇంటికి వెళ్లాలో మాత్రం చెప్పాడు.